కత్తి కంటే ముందు దాగలి

ఆయన పోయిన సంగతి మేకులు కొనడానికి వచ్చిన మనిషి చెప్పాడు. మాది పోర్ట్ బ్లెయిర్ బజారులో ఇనప సామాను దుకాణం. మా దగ్గరికి వార్తలు కూడా సామాను పక్కన కూచునే వస్తాయి. ఆ మనిషి మేకులు తూకం వేయించుకుంటూ, "ఆస్టినాబాద్‌లో మా పక్కింటి చెవిటాయన గుజర్ గయే భయ్యా. నిద్దట్లోనే," అన్నాడు. పొట్లం సంచిలో వేసుకున్నాక, "ఆ పెరట్లో ఇనుమంతా అలాగే ఉండిపోయింది. మీరు కబాడీ తీసుకుంటారా?" అని అడిగాడు.

మేం పాత ఇనుము కొనమని చెప్పాను.

"ఆ ఇనుమంతా" అంటే ఏమిటో నాకు తెలుసు. ఒక సమ్మెట. కొన్ని సుత్తులు. పట్టకార్లు, ఒక్కొక్కటి ఒక్కో వంకర. రెండు ఉలులు. ఒక దాగలి, అంటే ఎర్రగా కాలిన ఇనుమును పెట్టి సాగగొట్టే దిమ్మ. ఇనుము రాకే ఆకురాళ్ళు తప్పిస్తే అన్నీ ఆయన సొంతంగా చేసుకున్నవే, కొన్నది ఒక్కటీ లేదు. ఈ విషయం నాకంటే బాగా తెలిసినవాడు ఈ దీవుల్లో లేడు. ఎందుకంటే ఆయన కొనకుండా వెళ్ళింది నా దుకాణంలోంచే.

ఆయన్ని నేను మావా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు. చుట్టరికమేమీ లేదు. ఇక్కడి తెలుగువాళ్ళకి చుట్టరికాలు ఓడ దిగాకే పుట్టాయి; ముందు దిగినవాళ్ళు మావలయ్యారు, తర్వాత దిగినవాళ్ళు అల్లుళ్ళయ్యారు. దీవుల మధ్య తిరిగే ఓడల్లో, ఇంజను గదిలో చమురు పోసే పని చేసి రిటైరయ్యాడాయన. ఇంజను ఆయన చెవులు రెండూ పుచ్చుకుని పింఛను ఇచ్చింది. తనకి చెవుడని మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "ఈమజ్జ జనం నోరు తెరవడం మానేసినారల్లుడూ, అంతా నమిలేత్తన్నారు," అనేవాడు. ఆయన మాత్రం నమిలేవాడు కాదు. ఇంకా ఇంజను పక్కనే నిలబడి ఉన్నట్టు మాట్లాడేవాడు. ఆయన చెవిలో చెప్పిన రహస్యం జెట్టీ దాకా వినపడేది.

మా దుకాణానికి ఎదురుగా, రోడ్డుకి అవతలి పక్క, అత్త కొబ్బరి బొండాలు అమ్మేది. అత్త అంటే ఆయన భార్య. చిన్న మనిషి. బొండాల కుప్ప వెనక కూచుంటే తల ఒక్కటే కనిపించేది, అది కూడా ఒక బొండమే అనుకుని బేరం చేసినవాళ్ళున్నారని మావ అనేవాడు. ఆ మాట అన్న ప్రతిసారీ ఆవిడ చేతిలో కత్తి ఉండేది, అయినా అనేవాడు. అది ధైర్యమని నా ఉద్దేశం.

ఆ కత్తితోనే కథ మొదలైంది. రోజంతా బొండాలు నరికి నరికి అత్తకి మణికట్టు వాచింది. వాపు తగ్గి మళ్ళీ వాచింది. నరకడం మానెయ్యమన్నాడు డాక్టరు. "నాను మానేస్తే కాయలే మూత తీసుకుంటాయేటి డాక్టరు బాబూ?" అని అడిగి వచ్చేసిందావిడ. ఇంకో ఎండాకాలం ఇలాగే నరికితే ఆ చెయ్యి ఎత్తడానికి కూడా రాదని డాక్టరు మావతో విడిగా చెప్పాడు. విడిగా అంటే, అరిచి. అందువల్ల ఆసుపత్రి వరండా అంతటికీ తెలిసింది.

మావ ఆ కత్తిని తీసుకుని నా దుకాణానికి వచ్చాడు. నేనే అమ్మిన కత్తి అది. "బరువంతా కొసకి పోనాది సూడు. పిడి సూడు, పహిల్వాను సేతికి సేసినట్టుంది. మీ అత్త గుప్పిట్లో తిరిగిపోతంది. తిరిగినప్పుడల్లా మణికట్టు పట్టుకోవాల. దానికే వాపు."

"ఓడలో వచ్చే కత్తులన్నీ ఇంతే మావా. చిన్న చేతులకి విడిగా చెయ్యరు."

"అయితే నానే సేత్తాను."

నేను నవ్వలేదు. వ్యాపారంలో నవ్వు అలవాటు తప్పింది. సరే, సుత్తి ఏది కావాలో చూసుకోమని అల్మరా తెరిచాను. ఆయన ఒక సుత్తి తీసి, పిడి చివర పళ్ళతో కరిచి పట్టుకుని, ఇనప తల మీద వేలి కణుపుతో కొట్టాడు. చెవుల్లోకి రానిది దవడ ఎముకలోంచి వస్తుందట. కళ్ళు మూసుకుని మోత చివరిదాకా విన్నాడు. ఇంకోటి తీశాడు. దాన్నీ కొరికాడు. అన్నీ అయ్యాక, "మంచి సుత్తులల్లుడూ," అని మెచ్చుకుని బయల్దేరాడు.

"తీసుకోవా?"

"నీ సుత్తితో సేస్తే నీ కత్తే అవుతాది కదా. నీ కత్తి ఉంది దాని దగ్గర."

ఇందులో తర్కం ఎక్కడ తప్పో చాలాకాలం ఆలోచించాను. తప్పు ఉండే ఉంటుంది. ఆ తర్వాత ఆయన వారానికోసారైనా వచ్చి ఏదో ఒకటి కొరికి, కొలిచి, మెచ్చుకుని వెళ్ళేవాడు. పిడుల మీద గాట్లు చూసి, "ఎలుకలు ఎక్కువైనట్టున్నాయి భయ్యా," అన్న గిరాకీలున్నారు. అవునన్నాను.

సుత్తి లేకుండా సుత్తి చెయ్యడం ఎలాగో నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాదు. సముద్రపు ఒడ్డు నుంచి తెచ్చిన నల్లరాయితో కొట్టాడట. కొబ్బరి చిప్పల బొగ్గు, దానికి గాలి కొట్టే తిత్తి. ఆ తిత్తి, రిటైరయ్యేటప్పుడు ఓడవాళ్ళు ఉంచుకోమని ఇచ్చిన రెయిన్‌కోటుని కుట్టినది. లారీ ఇరుసు ముక్కకి బెజ్జం పొడిచి, అందులో కర్ర దూర్చాడు. బెజ్జం వాలుగా పడింది. కర్ర నిటారుగా పట్టుకుంటే సుత్తి తల పక్కింటివైపు చూసేది. "మొదటి బిడ్డ కదా, మెల్లకన్ను పోతాదిలే," అంది అత్త. పోలేదు. ఆ సుత్తితో రెండోది చేశాడు, దానితో పట్టకారు. మొదటి పట్టకారు ఒక్కసారి పట్టుకుంటే మళ్ళీ వదిలేది కాదు. ఏదైనా సాధించినప్పుడల్లా తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టేవాడు. నేను చూసేవాణ్ణి. బాగుందనేవాణ్ణి. అమ్మకానికి పెట్టిన నా పట్టకార్లు అక్కడే వేలాడుతూ మా ఇద్దరినీ చూసేవి.

"దుకాణాన్నంతా మళ్ళీ మొదట్నించీ కనిపెడుతున్నాడు మీ ఆయన," అన్నాను ఒకసారి అత్తతో.

"ముప్పయ్యేళ్ళు చమురు పోసినాడు బాబూ. ఒక్క మర కూడా ఈయన్ని ముట్టుకోనిచ్చీవోరు కాదు. ఇప్పుడు ముట్టుకుంటన్నాడు. ఒగ్గేయ్."

దాగలి కోసం డిగ్లీపూర్ వెళ్ళాడు. అక్కడ తోడల్లుడి ఇంటి గుమ్మం ముందు ఒక రైలు పట్టా ముక్క, ఒకప్పుడు అడవిలో దుంగలు లాగిన ట్రాలీల పట్టా, కాళ్ళు కడుక్కునే రాయిగా పడి ఉందట. తోడల్లుడు ఇచ్చాడు. దాన్ని బస్సులో తేవాలి. తెల్లారకముందే ఎక్కితే చీకటి పడేవేళకి దిగే బస్సు. మధ్యలో అడవి, మధ్యలో పంటుల మీద బస్సుతో సహా కాలువలు దాటడం. ఆయన ఆ ముక్కని కిటికీ పక్క సీట్లో కూచోబెట్టి, దాని పక్కన తను కూచున్నాడు. తర్వాత జరిగింది మాకు చాలాసార్లు చెప్పాడు, ప్రతిసారీ కండక్టరు గొంతు, తన గొంతు, రెండూ తనే పలుకుతూ.

"మామా, యే లగేజ్ హై యా సవారీ?"

"సీట్లో కూకుంది కదా. సవారీయే, పాసింజరే."

"తో టికెట్ లగేగా."

"హాఫ్ కొట్టు. ఇంకా ఎదగాల్సిన ఒళ్ళు."

కండక్టరు నవ్వాడట, కొట్టలేదట. కానీ దారిలో అలవాటుగా దాని మీద బూటు కాలు పెట్టాడు. మావ ఆ కాలు రెండు చేతుల్తో ఎత్తి కింద పెట్టాడు. "పనిముట్టు బాబూ. అన్నం పెట్టీది. కాలెట్టకూడదు." అది అప్పటికి ఎవరికీ అన్నం పెట్టలేదు. పంటు దాటేటప్పుడు దిగిన ప్రయాణికులందరూ తిరిగి ఎక్కుతూ ఒక్కొక్కరూ దాన్ని వేలితో కొట్టి చూశారని చెప్పేవాడు. ఈ భాగం నేను నమ్మను. కానీ చెప్పేటప్పుడు ఆయన మొహం చూస్తే, నమ్మకపోవడం చాలా చిన్నబుద్ధి అనిపించేది.

ఆ ముక్కని దాగలిగా మార్చడానికి ఒక వానాకాలమంతా పట్టింది. మా దీవుల్లో కొలిమికి ఒక చిక్కుంది. పెరట్లో పెట్టుకున్న కొలిమి వానాకాలంలో వెలగదు. ఇక్కడ వానాకాలమంటే ఏడాదిలో సగానికి పైమాటే. రేకుల కింద పెడదామంటే పొగకి అత్తకి దగ్గు. అందుకని వానల్లో చూరు కింద కూచుని ఆకురాయితో రాకేవాడు. ఆకురాయి ఒక్కటే ఆయన నా దగ్గర కొన్న వస్తువు. మొదటిసారి దాని పళ్ళ మీద గోరు ఆడించి, "ఇది ఇప్పుడప్పుడే మన వల్ల కాదు," అని పెద్దమనసుతో కొన్నాడు. ఆ రాపిడికి తన పళ్ళు పులుస్తున్నాయని అత్త అనేది. "ఆయనకేటి, వినబడదు కదా. నానూ చెవిటిదాన్నయితే బాగుండు," అని నవ్వేది. రాకి రాకి ఒక కొన సన్నబరిచి, పై మొహం అద్దంలా చేసి, మా అడవుల పడాక్ చెట్టు మొద్దు మీద బిగించాడు. నన్ను చూడ్డానికి పిలిచాడు. అందులో నా మొహం కొంచెం వంకరగా కనిపించింది. బాగుందన్నాను. ఈసారి నిజంగానే అన్నాను.

వానలు తగ్గాక కత్తి మొదలుపెట్టాడు. జీపు కమాను పట్టీని సాగగొట్టి, బొండాల కత్తి ఆకారం తెచ్చాడు. ఆ తర్వాత అంచు గట్టిపడాలంటే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాలి. ఎండాకాలంలో మాకు కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, ఒక్కోసారి అంతకంటే ఆలస్యంగా. తాగే నీళ్ళలో ఇనుము ముంచితే ఊరుకోనంది అత్త. పోనీ అమ్ముడుపోని బొండాల నీళ్ళు అన్నాడు. "ఆసుపత్రిలో రోగులు తాగీవి. నీ ఇనుముకేటి రోగం?" అంది. ఆయన బాధపడలేదు. డబ్బాలతో సముద్రపు నీళ్ళు స్కూటరు మీద తెచ్చుకున్నాడు. దానికో సిద్ధాంతం కూడా తయారు చేశాడు. "ఈ కత్తి బతకాల్సింది సముద్రం పక్కనే కదా. ఇప్పట్నించే ఉప్పు అలవాటు సేత్తన్నాను."

ఎర్రటి కత్తి ఉప్పునీళ్ళలో దిగేది. ఆవిరి లేచేది. ఆ ఆవిరిలో ఎక్కడో, సన్నగా, గాజు చిట్లినట్టు ఒక చప్పుడు. అది ఆయనకి వినపడేది కాదు. కత్తిని పైకెత్తి, ఎండలో తిప్పి, గర్వంగా చూసుకుంటుండగా వంటింటి కిటికీలోంచి అత్త గొంతు వచ్చేది. గొంతూ వినపడదు కాబట్టి చెయ్యి కూడా బయటికి పెట్టి తిప్పేది.

"పోనాది."

అప్పుడు కొరికి చూసుకునేవాడు. మోత బొంగురుగా వచ్చేది. పట్టి చూస్తే అంచు దగ్గర వెంట్రుకంత పగులు. మళ్ళీ ఇంకో పట్టీ, మళ్ళీ సాగగొట్టడం, మళ్ళీ సముద్రం, మళ్ళీ కిటికీ. ఆవిడ విసుక్కుని చెప్పేది కాదు. ఇంట్లో ఎవరికో కబురు అందించినట్టు చెప్పేది. మణికట్టుకి గుడ్డ కట్టుకుని, మళ్ళీ పాత కత్తి తీసుకుని బజారుకి వచ్చేసేది.

పగిలిన కత్తులు చేత్తో పట్టుకుని మావ ఒకరోజు నా దగ్గరికి వచ్చాడు. ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో ఎవరో కమ్మరి హిందీలో చెప్తూ కత్తి చేస్తున్నాడు. "అచ్చం ఇలాగే సేత్తన్నాను అల్లుడూ. వాడిది పోలేదు. నాది పోతంది."

ఆయన అన్నాళ్ళుగా ఆ వీడియోని చూస్తున్నాడు. వినడం లేదు. బొమ్మలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. ఉప్పో చప్పనో బొమ్మ చెప్పదు. నేను చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. విన్నది ఆయనకి చేరవెయ్యాలంటే ఒక్కటే మార్గం.

"ఉప్పునీళ్ళు వద్దంట మావా! మరీ గబుక్కున చల్లారి చిట్లుతుందంట! మంచినీళ్ళంట! మం-చి-నీ-ళ్ళు!"

బజారు ఆగింది. ఆటోవాడు బ్రేకు వేశాడు. ఎండాకాలంలో, కొళాయి రాని రోజున, మా బజారులో మంచినీళ్ళని అంత గట్టిగా అడగడం సభ్యత కాదు. రోడ్డు అవతల బొండాల వెనక ఒక తల లేచింది.

"మంచినీళ్ళా? ఎవుడా అడిగింది? ఇలా రమ్మను!"

ఎవరూ వెళ్ళకపోయేసరికి ఆవిడే రోడ్డు దాటి వచ్చింది. సంగతి విని, పగిలిన కత్తులు చూసి, మొగుణ్ణి చూసింది.

"ముందే సెప్పొచ్చు కదా," అంది. "ఆనలు రానీ. నీళ్ళు పట్టి ఉంచుతాను. నీ ఇనుము తలంటి పోసుకున్నా మిగిలీటన్ని."

చేతుల్తో సైగ చేసి కూడా చెప్పింది. ఆయనకి అర్థమైంది. మొహం విప్పారింది. అప్పుడు ఆవిడ కుడిచెయ్యి చాపింది. "పిడి కొలత తీసుకుంటావేటి, వచ్చినాను కదా?"

"పిడి ఆఖర్న," అన్నాడు మావ, బజారంతా వినేటట్టు. "నీ సెయ్యి ఎక్కడికి పోతాది?"

అందరం నవ్వాం. ఆవిడ కూడా నవ్వింది. ఆ చెయ్యి వెనక్కి తీసుకుని, మొహం మీద ఒక దెబ్బ వేస్తానన్నట్టు ఊపి, బొండాల దగ్గరికి వెళ్ళిపోయింది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. అత్త దుకాణం తెరవకపోతే వర్షానికనుకున్నాను. తర్వాత జ్వరమన్నారు. తర్వాత జ్వరం కాదన్నారు. అదేమిటో తేలేలోగా ఆవిడే తేల్చేసి వెళ్ళిపోయింది. ఆవిడకి ఎప్పుడూ తొందరే. బొండం నరికి, మూత లేపి, గొట్టం గుచ్చి చేతికిచ్చేదాకా ఇంకో మాట విననిచ్చేది కాదు.

పలకరించడానికి వెళ్ళాను. చెవిటివాడికి పరామర్శ చెప్పడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఆ మాటలన్నీ గొంతు తగ్గించి అనడానికే పుట్టాయి. "ధైర్యంగా ఉండు" అని అరిస్తే తిట్టినట్టుంటుంది. వచ్చినవాళ్ళందరూ వంతులవారీగా ఆయన మీద అరిచారు. ఆయన ప్రతివాళ్ళనీ, "ఏటంటన్నావు?" అని అడిగాడు. రెండోసారి అరవకుండా అందరూ పక్కకి తప్పుకున్నారు. నేను అరవలేదు. పక్కన కూచున్నాను. కాసేపటికి ఆయనే నా వైపు తిరిగి, "నువ్వూ నమిలేత్తన్నావల్లుడూ," అన్నాడు. నేను అసలు నోరు తెరవలేదు.

వచ్చేటప్పుడు చూరు కింద ఒక నీలం డ్రమ్ము కనిపించింది. మూతికి రెండు వరసలు చీర గుడ్డ చుట్టి, తాడుతో బిగించి ఉంది. అంచు దాకా వాననీళ్ళు. పక్కింటి ఆవిడ చెప్పింది: "దీదీ ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. మేం ఒక్క బకెట్టు అడిగినా, నహీ, యే బుడ్ఢే కే లోహే కే లియే హై, ముసలాడి ఇనుముకి, అనేది. జ్వరంలో కూడా లేచి చూసుకునేది, నిండిందా లేదా అని."

ఇంక మానేస్తాడనుకున్నాను. మానెయ్యడానికి తగిన కారణం దొరికిన మనిషి మానెయ్యకపోవడం నేను ఎక్కువగా చూడలేదు. కొన్నాళ్ళకి వచ్చి ఆకురాయి అడిగాడు.

"ఇంకా దేనికి మావా?"

వినపడలేదో, వినపడనట్టున్నాడో. ఆయన విషయంలో ఈ తేడా ఎవరూ కనిపెట్టలేరు. "నున్నది ఇయ్యి. గరుకుది వద్దు," అన్నాడు.

కొలిమి వెలగాలంటే వానలు తగ్గాలి. వానలు తగ్గేదాకా ఆ డ్రమ్ముని కాపాడుకోవాలి. మలేరియా సిబ్బంది ఇల్లిల్లూ తిరుగుతూ వచ్చి, నిలవ నీళ్ళు పారబొయ్యాలన్నారు. ఆయన డ్రమ్ముకి అడ్డం నిలబడ్డాడు. "మచ్ఛర్ హోతా హై అంకుల్," అన్నారు. "ఏటంటన్నారు?" అన్నాడు. దోమ బొమ్మ ఉన్న కాగితం చూపించారు. "బాగుంది," అన్నాడు. వాళ్ళు ఎంతసేపు అరిచినా ఇదే వరస. చివరికి వాళ్ళలో తెలుగు వచ్చిన అమ్మాయి పక్కింటావిడని సంగతడిగింది. తెలుసుకుని, తన సంచీలోంచి దోమతెర గుడ్డ ముక్క తీసి, డ్రమ్ము మూతికి ఉన్న చీర గుడ్డ మీద ఇంకో వరస తనే బిగించి, కాగితంలో ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి ఏం రాసిందో గానీ మళ్ళీ ఎవరూ రాలేదు.

ఎండలు వచ్చాక ఒక మధ్యాహ్నం కత్తి తెచ్చాడు. పిడి ఇంకా లేదు, ఒట్టి ఇనుము. గల్లాపెట్టె మీద పెట్టాడు. "కొట్టి విను," అన్నాడు.

"నువ్వు కొరికి చూడలేదా?"

"సూసాను. నువ్వు విను."

వేలితో కొట్టాను. గుడిలో చిన్నగంట మోగినట్టు సాగింది. ఆగేదాకా ఆయన నా మొహమే చూస్తున్నాడు.

"పోలేదు మావా," అని తల అడ్డంగా ఊపాను. "పోలేదు!"

ఆయన స్టూలు మీద కూచున్నాడు. గొంతు ఎప్పుడూ లేనంత తగ్గింది. అంటే మామూలు మనుషులు మాట్లాడేంత.

"ఆ నీళ్ళలోనే ముంచినాను. ఆవిరొచ్చింది. పైకి తీసి కిటికీ వేపు సూసాను అల్లుడూ. సూత్తా నిలబడిపోనాను. కత్తి సేతిలో సల్లారిపోనాది."

టీ తెప్పించాను.

పిడి బిగించి తెచ్చింది ఆ తర్వాత కొన్నాళ్ళకి. ఆయన నా దుకాణానికి రావడం అదే ఆఖరుసారి. ఆ రోజు మా ఆవిడ గల్లాపెట్టె దగ్గర కూచుని ఉంది. పాత గుడ్డ విప్పి కత్తిని బయటికి తీశాడు. నేను రోజూ కత్తులమ్మే మనిషిని. అందంగా ఉందని చెప్పను. కత్తి ఆకు కొంచెం పక్కకి వాలింది. సుత్తి దెబ్బల గుంటలు అక్కడక్కడా అలాగే ఉన్నాయి. కానీ చేతిలోకి తీసుకుంటే, బరువు ఉండవలసిన చోట ఉంది. కొసకి పోలేదు. మణికట్టు మీద పడలేదు. ఆ కత్తికి చెయ్యి నొప్పి పుట్టదు.

పిడి మాత్రం నా గుప్పిట్లో కుదరలేదు. పడాక్ కర్ర, ఎర్రగా, నున్నగా, సన్నగా. నా వేళ్ళు చుట్టూ తిరిగి అరచేతిలోకి గుచ్చుకున్నాయి. చిటికెనవేలికి చోటు లేక బయట వేలాడింది.

"కొలత ఎక్కడిది మావా?" చేత్తో పిడి మీద చూపించి అడిగాను.

ఆయన ఎడమచెయ్యి చాచి, చొక్కా చెయ్యి పైకి లాక్కుని, మణికట్టు చూపించాడు.

"రోడ్డు దాటీటప్పుడు ఇక్కడ పట్టుకునీది. నాకు బళ్ళు వినబడవని దాని బెంగ. బొటనేలు ఇక్కడ. చిటికెనేలు ఇదిగో, ఇక్కడికే వచ్చీది. సుట్టూ అందీది కాదు." ఆ చోట్ల మీద కుడిచేతి వేలితో ఒక్కొక్కచోటే నొక్కి చూపించాడు. ముసలి మణికట్టు, తెల్లటి వెంట్రుకలు, చమురు కాలిన పాత మచ్చ. అక్కడ ఏ గుర్తూ లేదు.

నేను రోజూ చూసిన దృశ్యమే అది. పొద్దున ఇటు, సాయంత్రం అటు, ఆవిడ ముందూ ఆయన వెనకా. ఆయన కొలత తీసుకుంటున్నాడని అనుకోలేదు. ఆయనా అనుకుని ఉండడు.

మావ నా చేతిలోంచి కత్తి తీసుకుని, జాగ్రత్తగా మొన తన వైపు తిప్పుకుని, పిడి మా ఆవిడకి అందించాడు. "నువ్వు పట్టుకో తల్లీ."

మా ఆవిడ చెయ్యి పెద్దదేం కాదు. పట్టుకుంది. గుప్పిట మూసింది. తెరిచి, కొంచెం పైకి జరిపి, మళ్ళీ మూసింది. ఆయన మొహం చూసి, ఎలా చెప్పాలా అని నా వైపు చూసింది. ఆయన ఆమె పెదాల వంకే చూస్తూ నిలబడ్డాడు.

"చిన్నగా ఉంది బాబాయ్," అంది మెల్లగా. ఆయనకి వినపడలేదేమోనని వేళ్ళు దగ్గరగా పెట్టి సైగ కూడా చేసింది. "నా చేతికి పట్టట్లేదు."

"పట్టలేదా?"

"లేదు బాబాయ్."

"అయితే సరిగ్గానే వచ్చింది," అన్నాడు మావ.

కత్తి తిరిగి తీసుకున్నాడు. పిడి మీద మా ఇద్దరి చేతుల తడి ఉందేమో, చొక్కా అంచుతో శ్రద్ధగా, చివరిదాకా తుడిచి, గుడ్డలో చుట్టుకున్నాడు.